చేతులు కట్టొద్దు

"ఔర్ కోయీ తక్లీఫ్? షుగర్? బీపీ? దమ్మా?"

గాజు పలక వెనక కూర్చున్న ఆస్పత్రి హెల్ప్‌డెస్కు మనిషి తలెత్తకుండానే అడిగాడు. తెల్లారినప్పటి నుంచి అదే మాట ఎన్ని వందలమందిని అడిగాడో పాపం, అడిగినట్టు కూడా లేదు, గొణిగినట్టుంది.

"కుఛ్ నహీ," అంది తిరుమల.

నిలువునా అబద్ధం. అతను ఫారంలో ఇతర జబ్బులు అన్న గడికి అడ్డంగా గీత గీసి, సంతకం చెయ్యమని కాగితం తోశాడు. తిరుమల చేసింది.

పక్కన చక్రాల కుర్చీలో ఎగశ్వాసతో కూర్చున్న రాజమల్లు చూపంతా కూతురి మొహం మీదే ఉంది. ఆ మొహంలో సగం మాస్కు కిందికి పోయింది. తన గురించే ఏదో అడుగుతున్నారని మాత్రం పోల్చుకుని కనుబొమలు ఎగరేశాడు. తిరుమల అటూ ఇటూ చూసి, మాస్కు గడ్డం కిందికి లాగి, గొంతు కలపకుండా ఉత్త పెదాలతో చెప్పింది. "ఏం లేదని చెప్పిన బాపూ."

ఆయన నెమ్మదించి కళ్లు మూసుకున్నాడు.

సూరత్‌లో సాంచాల మీద బతికే ఇళ్లలో ఇలా పెదాలతో మాట్లాడుకోవడం వింతేమీ కాదు. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచ అంటారు. ఒక్క షెడ్డులో వంద సాంచాలు ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినిపించదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు. పోగు తెగితే ఒక సైగ, నూలు చుట్టిన కండె అయిపోతే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఇంకో సైగ. సిరిసిల్ల నుంచి వచ్చినవాడైనా, ఒడిశా నుంచి వచ్చినవాడైనా అందరిదీ అదే భాష. పదిహేనేళ్లు అలా నిలబడితే చెవుల్లో మోత తప్ప మరేమీ మిగలదు. అయినా ఒక్కడంటే ఒక్కడు ఒప్పుకోడు. సాంచ చప్పుడులో తేడా పట్టలేడని తెలిసిన రోజున సేటు వాడి సాంచాలు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. రాజమల్లు చెవులు పోయి పన్నెండేళ్లు. అరికాళ్ల కింద నేల అదురును బట్టి తేడా కనిపెడుతూ నెట్టుకొస్తున్నాడు. చెవుడు అనే మాట పర్వత్ పాటియాలోని వాళ్ల ఒంటిగది ఇంట్లో బూతు కన్నా పెద్ద మాట.

నీలం గౌన్లు తొడుక్కున్న ఇద్దరొచ్చి కుర్చీ తోసుకుపోయారు. మలుపు దగ్గర రాజమల్లు మెడ తిప్పి చూశాడు. పక్కన నడుస్తున్న పెద్ద డాక్టరును కంటితో చూపించి, ఆయాసంలోనే, లేని మీసం మెలేశాడు. సేటు వస్తున్నాడు, పని చేస్తున్నట్టు నటించండర్రా అని దాని అర్థం. తిరుమల ఆ గుంపులో నిలబడి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తరవాత ఎంత ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

*

రెండు వేల ఇరవై ఒకటి, ఏప్రిల్ ఎండ. గేటు బయట రేకుల పందిరి కింద లోపలివాళ్ల తాలూకు జనమంతా పడి ఉన్నారు. ఎవరినీ లోపలికి పోనివ్వరు. సాయంత్రం ఐదింటికి కరోనా వార్డు నుంచి ఫోను వస్తుంది, అదే ఆధారం. మొదటి రోజు ఒక నర్సు "సారూ ఛే" అని పెట్టేసింది. బాగున్నాడు అనే రెండు ముక్కల్ని పట్టుకుని తిరుమల ఇంటిదాకా ఆనందంగా నడిచింది. రెండో రోజూ అవే రెండు ముక్కలు. మూడో రోజు ఫోన్లో మగ గొంతు, అదీ తెలుగులో.

"రాజమల్లు గారి అమ్మాయేనాండీ? నేను డాక్టర్ అనీష్‌ని. మాది గుంటూరు."

తిరుమలకు ప్రాణం లేచొచ్చింది. "ఎట్లున్నడు సార్ మా బాపు?"

"ఆక్సిజన్ మీదే ఉన్నారు. అది సరే గానీ, ఆయనకు మతి కాస్త స్థిమితంగా లేదండీ. ఇంటి దగ్గర కూడా ఇలాగే ఉండేవారా?"

"మతా? మతికేమైంది సార్?"

"ఇక్కడంతా హిందీ, గుజరాతీ కదా, అర్థం కావట్లేదేమోనని నేనే వెళ్లి తెలుగులో పలకరించాను. పేరేంటని అడిగినా జవాబు లేదు. నా మొహం వంక మాత్రం చూస్తూనే ఉంటారు. ఎదుటివాళ్ల మాస్కుల మీదికి చెయ్యి జాపుతారు. మొన్న సిస్టర్‌ది లాగేశారు. తన ఆక్సిజన్ మాస్కు పీకేసి ఒకటే చేతులు ఊపడం. అది తీస్తే నిమిషాల్లో ప్రమాదమండీ. అందుకని చేతులు మంచానికి కట్టాల్సొచ్చింది. ఏమీ అనుకోకండి."

"ఎప్పటి సంది కట్టిన్రు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి."

అయ్యో, ఆ మనిషికి నోరే ఆ చేతులు కదా. నోటికి గుడ్డ కుక్కి, ఏం కావాలో చెప్పవేమని అడుగుతున్నారు కదా.

"సార్, మా బాపుకు చెవుడు."

ఇరవైమూడేళ్ల బతుకులో ఆ మాట ఆమె నోట బయటికి రావడం అదే మొదలు. చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసుకుంది కూడా. అలవాటు అలాంటిది.

"పెదాలు చూసి మాట పట్టుకుంటడు సార్. మీరందరు మాస్కులు కట్టుకున్నరు, అందుకే గుంజుతుండు. మాకు సాంచాల పని. చేతులతోనే మాట్లాడ్తడు. పిచ్చి లేదు సార్, మా బాపుకు ఏం పిచ్చి లేదు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "కేస్ షీట్‌లో అలా లేదేమండీ? ఇతర సమస్యలు ఏమీ లేవని ఉంది. కింద మీ సంతకమే ఉంది."

"నాదే సార్."

"నేనిప్పుడు డ్యూటీ దిగిపోతున్నానమ్మా," అన్నాడు అనీష్. గొంతు మెత్తబడింది. "వచ్చేవాళ్లకు చెబుతాను. కానీ కట్లు విప్పితే మళ్లీ మాస్కు లాగేస్తారు. ఆయనేమంటున్నారో మాకు తెలిసే దారి కూడా ఉండాలి కదా. ఎనభై మందికి ముగ్గురం ఉన్నాం. రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తాను."

ఫోను ఆగాక తిరుమలకు తన చదువే గుర్తొచ్చింది. కాలేజీలో హిస్టరీ చెప్పిన దేశాయ్ మేడమ్ మూడేళ్లపాటు నూరిపోసిన పాఠం ఒక్కటే. రాతకెక్కని మనిషి లేనట్టే లెక్క, కాబట్టి ఏ కాగితం చేతికొచ్చినా అందులో ఏం రాయలేదో, ఎవరు రాయనివ్వలేదో ముందు అడగండి అనేది ఆవిడ. ఆ పాఠంలోనే తిరుమలకు ఫస్టు క్లాసు వచ్చింది. తీరా కన్నతండ్రి కాగితం చేతికొచ్చిన రోజున రాయనిది తనే.

*

ఇంటికొచ్చేసరికి తల్లి సమ్మక్క గుమ్మంలో చీరల మూట ముందేసుకుని కూర్చుంది. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే కుట్టుపని చీరలవి. వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించి ఇవ్వాలి. తిరుమల చదువు చెప్పే చిన్న బడి పోయినేడు మూతపడింది. అప్పటి నుంచి తల్లి పక్కనే కూర్చుని తనూ కత్తెర పట్టింది. బీయే హిస్టరీ దారాలు కత్తిరిస్తోందని వాడకట్టు వాడకట్టంతా నవ్వుకున్నారు.

అవ్వా అని పిలిచి సంగతి చెప్తే సమ్మక్క ఏడవలేదు. కత్తెర మాత్రం వేగంగా ఆడించసాగింది. కచ్ కచ్ కచ్ అంటూ పోయిపోయి ఒకచోట చీర అంచు కూడా తెగింది. అప్పుడు కత్తెర విసిరికొట్టింది.

"నర్సింగు సదువే అని మొత్తుకుంటి గదనే! తండ్రీబిడ్డలు ఒక్కటై బీయే అంటిరి. ఇయ్యాల నర్సువైతే లోపలుందువు. ఆయన చేతులు నువ్వే ఇప్పుదువు. ఏం జేసుకోవాలె ఆ సదువును?"

ఫోను వచ్చినప్పటి నుంచి అదే ప్రశ్న తిరుమల కూడా వేసుకుంటోంది. తల్లి అనేసరికి గుండెలో గుచ్చుకుని అక్కడే నిలిచిపోయింది.

గూట్లో దేవుడి పటం వెనక నుంచి అట్టపుస్తకం దింపింది. చివరి ఏడాది రాసిన ప్రాజెక్టు. సాంచాల మీది సైగల గురించి వంద పేజీలు. ఎనిమిది నెలలపాటు షెడ్డుల చుట్టూ తిరిగి ఒక్కొక్క సైగ అడిగి రాసుకుంది. అందులో చెవుల మీద కూడా ఒక అధ్యాయం ఉండేది. రాజమల్లు చదవలేడు గానీ, ఫలానా చోట ఏముందని అడిగి చెప్పించుకున్నాడు. చెప్పించుకుని మొహం మాడ్చుకున్నాడు. "గిది తీసెయ్ బిడ్డా. సేటు కండ్ల పడ్తే మన పని ఖతం," అన్నాడు. చెప్పినవాళ్లు వద్దన్నది రాయకూడదని కూడా ఆ చదువే నేర్పింది కాబట్టి తిరుమల ఆ అధ్యాయం తీసేసింది. దేశాయ్ మేడమ్ ఒప్పుకుంది. అప్పుడు అది న్యాయమే. ఆ న్యాయమే ఇప్పుడు ఆయన మణికట్లకు గుడ్డపీలిక అయి కూర్చుంది.

పుస్తకం పట్టుకుని పక్క గది తలుపు కొట్టింది. గంగారాం తండ్రితోపాటే ఆ షెడ్డులో పనిచేస్తాడు. తలుపు కొట్టినా ఆయనకెక్కడ వినిపిస్తుంది? కిటికీలో చెయ్యి ఊపితే బయటికొచ్చాడు. తిరుమల దూరంగా నిలబడి, మాస్కు దించి, పెదాలతో అంతా చెప్పింది. రాజమల్లును కట్టేశారన్న మాట దగ్గర గంగారాం తన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"కాకా, నువ్వు సైగలు పట్టు. నేను బొమ్మలు గీస్త. ఆస్పత్రోళ్లకు కాగితం ఇయ్యాలె."

గంగారాం వరండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బొటనవేలు పెదవికి ఆనించి వంచాడు. నీళ్లు. రెండు చిటికెనవేళ్లు కొక్కెంలా వేసి టక్కున విడదీశాడు. పోగు తెగింది, ఆస్పత్రిలో అయితే ఏదో గొట్టం ఊడిందని. పిడికిలి బోర్లించి ఆడించాడు. కండె ఖాళీ, సీసాలో మందు అయిపోయిందని. కన్ను చూపించి అరచెయ్యి పరిచాడు. నా సాంచాలు జర చూస్తుండు, వెళ్లొస్తా అని. మూత్రానికి పోవాలన్నా అదే. తిరుమల చార్టు ముక్క మీద గీసి, పక్కన గుజరాతీలో అర్థం రాసింది. గీసిన వేళ్లు వంకాయల్లా వచ్చాయి.

"ఆర్ట్స్ సదివినవంటే బొమ్మలు గీసుడు అనుకున్న బిడ్డా," అన్నాడు గంగారాం తొంగి చూసి. "అదన్న రాకపాయె నీకు."

అంత ఏడుపులోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. "హిస్టరీ అంటే రాజుల ముచ్చట గదా, మా చేతులెందుకు రాస్తుందీ పిల్ల అని అప్పుడు నవ్వుకున్న," అన్నాడు మళ్లీ. "మీ బాపు మాత్రం ఆ బుక్కు షెడ్డుకు తెచ్చి అందరికి జూపిండు, ఎరికేనా? తన చెయ్యి ఫొటో ఉన్న కాడ ఏలుబెట్టి, గిది నేనే అన్నడు."

ఆ సంగతి తిరుమలకు తెలియదు. అట్టపుస్తకం తెరిచి ఆ ఫొటో ఉన్న పేజీ వెతికింది.

చివరికొచ్చేసరికి అసలైనది దొరకలేదు. ఊపిరాడ్డం లేదని ఎలా చెప్పాలి? సాంచాల మీద దానికి సైగ లేదు. ఎవడికీ అవసరం పడలేదు. గంగారాం చాలాసేపు ఆలోచించాడు. తరవాత ఎడమచెయ్యి రొమ్ము మీద పరిచి, కుడి పిడికిలి దాని ముందు గిర్రున తిప్పి, తిప్పి, ఠక్కున ఆపేశాడు.

"మోటరు ఆగింది. మీ బాపు గిదే అంటడు. ఇంకేమంటడు?"

తిరుమల ఆ బొమ్మ గీసింది. ఒకటే చేతులు ఊపడం అన్నాడు డాక్టరు.

ఒక సైగ మాత్రం కాగితంలో వెయ్యలేదు. షిఫ్టు, అదే పాళీ, మారేటప్పుడు దిగిపోయేవాడు వచ్చేవాడి భుజం మీద రెండుసార్లు తడతాడు. సాంచ ఆపకూడదు, నడుస్తుండగానే అప్పజెప్పాలి. నా పాళీ అయిపోయింది, ఇక నువ్వు అందుకో అని. ఆస్పత్రిలో దాంతో పనేముందిలే అనుకుంది.

అన్నిటికీ పైన పెద్దక్షరాలతో రాసింది. ఈయనకు చెవులు వినిపించవు. చేతులు కట్టొద్దు. చేతులతో మాట్లాడతాడు.

*

ఏడున్నరకే గేటు దగ్గర నిలబడింది. మొహాలు తెలియవు కాబట్టి లోపలికి పోయే ప్రతి తెల్లకోటునూ "అనీష్ సారా?" అని అడిగింది. ఏడెనిమిది మంది తరవాత ఒక బక్క పిల్లాడులాంటి డాక్టరు ఆగాడు. ముక్కు మీద మాస్కు ఒరిపిడికి తోలు లేచిపోయింది.

బయటి కాగితాలు లోపలికి తీసుకోరని సెక్యూరిటీ అడ్డుపడ్డాడు. అనీష్ అతన్ని పక్కకు జరగమని, ప్లాస్టిక్ కవరులో పెట్టిన చార్టు అందుకుని వరసగా చూశాడు. చివరి బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"మోటరు ఆగిందని సార్. అంటే, ఊపిరి ఆడ్తలేదని."

అతను ఆ పిడికిలి బొమ్మ మీద వేలు పెట్టాడు. "మొన్న పొద్దునంతా ఇదే చేశారండీ," అన్నాడు. "నా ముందే చేశారు. నేనే..."

మిగతాది చెప్పకుండా గబగబా లోపలికి నడిచాడు. దాదాపు పరుగే.

పన్నెండున్నరకు వీడియో కాల్ వచ్చింది. తిరుమల జనంలోంచి లేచి, ఆగి ఉన్న అంబులెన్సు చాటుకు పోయి మాస్కు దించింది. తెర మీద ముందు పైకప్పు, తరవాత ఒక గొట్టం, తరవాత బాపు. మూడు రోజుల్లో చెంపలు లోపలికి పోయాయి. కానీ చేతులు దుప్పటి మీద విడిగా ఉన్నాయి. రెండు మణికట్ల చుట్టూ ఎర్రటి చారలున్నాయి. కూతురి పెదాలు కనపడగానే ఆ చేతులు లేచాయి.

తిన్నవా అని అడిగాడు. మొదటి మాట అదే.

తిన్నానని పెదాలతో చెప్పింది. తినలేదు.

నా సాంచాలు? కన్ను, అరచెయ్యి.

"గంగారాం కాక చూస్తుండు. సేటు ఏమన్లేదు. అవ్వ మంచిగున్నది." గొంతు లేదు, ఉత్త పెదాలు. అటుగా పోతున్న ఒకావిడ వింతగా చూసింది. చూడనీ. ఐదు నిమిషాలో ఎంతో ఇచ్చారు, ఇంకెప్పుడు చెబుతుంది? "బాపూ, తప్పు నాదే. చెవుల సంగతి నేను రాయలే. రాసుంటే నీ చేతులు కట్టకపోదురు. నేనే కట్టిన బాపూ నీ చేతులు."

రాజమల్లు అలాగే చూస్తూ ఉన్నాడు. అర్థం కాలేదేమోనని ఆమె మళ్లీ చెప్పబోయింది. ఆయన వద్దన్నట్టు వేలెత్తాడు. ఆ వేలు మెల్లగా తన చెవి మీదికి తీసుకుపోయాడు. చెవి తట్టి, వేలు అటూ ఇటూ ఊపాడు. పోయింది. తరవాత ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద అదే వేలితో గీతలు గీశాడు. గీసి, వేలు తెర వైపు చాపాడు.

రాయి.

పన్నెండేళ్లు సేటు దగ్గరా, వాడకట్టులో, ఆఖరికి కూతురి పుస్తకంలో కూడా దాచిపెట్టిన మనిషి. చెవి తట్టాడు, చేతిలో గీశాడు, నువ్వు అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు.

తిరుమల తల ఊపింది. ఊపుతూనే ఉంది.

ఆయన అలసిపోయాడు. అయినా ఫోను పట్టుకున్న అనీష్‌ను కంటితో చూపించి మీసం మెలేశాడు, ఈ సేటు ఫర్వాలేదన్నట్టు తల ఆడించాడు. ఆ తరవాత చెయ్యి గాల్లోకి చాచి, ఎవరి భుజమో అక్కడ ఉన్నట్టు, రెండుసార్లు తట్టాడు.

"వద్దు," అంది తిరుమల. ఈసారి గొంతు పైకే వచ్చింది. "నీ పాళీ ఐపోలే బాపూ. ఇంక ఐపోలే."

"ఇది కాగితంలో లేదండీ," అంది అనీష్ గొంతు. "ఏమంటున్నారు?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏం లేదు సార్."

*

మర్నాడు పొద్దున ఆరూ నలభైకి ఫోను వచ్చింది. సాయంత్రం ఐదింటికి రావాల్సిన ఫోను పొద్దున్నే వస్తే ఎత్తకముందే తెలిసిపోతుంది.

శవాన్ని ఇవ్వరు. వాళ్లే తీసుకుపోయి దహనం చేస్తారు, ఇద్దరు మాత్రం దూరం నుంచి చూడొచ్చు అన్నారు. సమ్మక్కను గంగారాం పట్టుకుని పందిరి కింద కూర్చోబెట్టాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే మాట అడుగుతోంది. "చేతులు ఇప్పిన్రా? ఇప్పినంకనే పోయిండా?" గంగారాం ఆమె నోటికి అడ్డంగా ఉన్న కొంగు చూస్తున్నాడు. ఆయనకు ఏమీ అందడం లేదు. తిరుమలే వంగి చెప్పింది. "ఇప్పిన్రు అవ్వా. ఇప్పినంకనే."

అంత్యక్రియల ఫారం కోసం మళ్లీ అదే గాజు పలక, అదే మనిషి. పేరు, వయసు, ఊరు. ఇతర జబ్బులు అన్న గడి ఇందులో కూడా ఉంది. తిరుమల అందులో రాసింది. ముప్పై రెండేళ్లు సాంచాల మీద పనిచేసి చెవులు పోయాయి. గడి చాలక అక్షరాలు అంచు దాటి పక్కకు పోయాయి.

అతను చదివి మొదటిసారి తలెత్తాడు. "ఇప్పుడు రాసి ఏం లాభం బెహన్?" అని హిందీలో అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే.

"రాయమన్నాడు," అంది.

అనీష్ బయటికొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. సానుభూతి మాటలు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. చార్టు వార్డు గోడకు అతికించామని, పక్క వరసలో ఇద్దరు ఒడియావాళ్లు కూడా చేతులు ఊపుతున్నారని కట్టేసి ఉంచామని, వాళ్ల కట్లు విప్పేశామని చెప్పాడు. ఒకాయన అడిగిందల్లా నీళ్లేనట. తిరుమల విన్నది. సంతోషించాలని తెలుసు. సంతోషం రాలేదు. మా బాపు కూడా నీళ్లే అడిగి ఉంటాడని మాత్రం అనుకుంది.

అంతలో గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక యువకుడు ముసలి తండ్రిని పొదివి పట్టుకుని దింపాడు. అరికాళ్లు వెడల్పు, చొక్కా మీద దూది నలుసులు. చూడగానే సాంచాల మనిషని తెలిసిపోతుంది. కొడుకు పేరు కమలాకర్ అనీ, తండ్రి మొండయ్య అనీ గాజు పలక దగ్గర చెబుతుంటే వినబడింది. "షుగర్? బీపీ? దమ్మా?" అన్నాడు లోపలి మనిషి.

"కుఛ్ నహీ," అన్నాడు కమలాకర్.

తిరుమల లేచి దగ్గరికి పోయింది. "అన్నా, మీ నాయినకు చెవులు ఇనవడ్తయా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "మంచిగ ఇనవడ్తయి. నీకెవలు చెప్పిన్రు? మా నాయినకేం లేదు, పో."

ఆమె పోలేదు. మొండయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మాస్కు దించి, గొంతు కలపకుండా పెదాలు కదిపింది. "నీళ్లు కావాల్నా పెద్దబాపూ?"

ముసలాయన కళ్లలోకి వెలుగొచ్చింది. బొటనవేలు పెదవికి ఆనించి వంచాడు.

కమలాకర్ మొహం తిప్పుకున్నాడు. మాట కిందికి దిగింది. "సేటుకు తెలుస్తది చెల్లే. జర ఎవలకు చెప్పకు. ఉన్న ఆధారం గదే."

"నేను గూడ గిట్లనే చెప్పిన. ఐదు రోజులాయె."

"మీ నాయిననా? ఎట్లున్నడు మరి?"

తిరుమల లేచి నిలబడింది. చెయ్యి చాచి అతని భుజం మీద రెండుసార్లు తట్టింది.

కమలాకర్ కూడా సాంచాల మీద పుట్టి పెరిగినవాడే. అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. తండ్రి వైపు చూశాడు, గాజు పలక వైపు చూశాడు, చేతిలోని ఫారం ఆమె ముందు పెట్టాడు.

తిరుమల మళ్లీ మొండయ్య ముందు కూర్చుంది. రాయనా అని పెదాలతో అడిగింది. ఆయన కొడుకు మొహం చూసి తల ఊపాడు. అడ్డగీత గీసిన గడిలో చోటు లేదు. అందుకని ఫారం పైభాగాన, పేరు కన్నా పైన, అందరికీ కనపడేంత పెద్దగా రాసింది. ఈయనకు చెవులు వినిపించవు. చేతులు కట్టొద్దు. చేతులతో మాట్లాడతాడు.

కింద సంతకం ఎవరిదని లోపలి మనిషి అడిగాడు. తనదే అని చెప్పి చేసింది.